కట్టకు ఎన్ని?

నా ఉద్యోగంలో పిల్లలకు పాఠం చెప్పింది పన్నెండేళ్ళు. మిగిలిన కాలమంతా పాఠం చెప్పేవాళ్ళకు పాఠం చెప్పాను. రెండింటిలో పిల్లలకు చెప్పడమే సులువు. వాళ్ళకు అర్థం కాకపోతే ముఖంలో తెలిసిపోతుంది. ఉపాధ్యాయులు అర్థమైనా తల ఊపుతారు, అర్థం కాకపోయినా ఊపుతారు, నిద్ర వస్తున్నా ఊపుతారు. ఈ మూడు ఊపులకూ తేడా కనిపెట్టడానికే నాకు ఐదారేళ్ళు పట్టింది.

మొన్న కామారెడ్డిలో మా ఇంటికి ఇద్దరు కొత్త ఆర్పీలు వచ్చారు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. ఆర్పీ అంటే రిసోర్స్ పర్సన్. తోటి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే ఉపాధ్యాయుడన్నమాట. "సార్, మీ అనుభవం జెర చెప్పుండ్రి" అన్నాడు అబ్బాయి. అమ్మాయి సంచిలోంచి నోట్‌బుక్ తీసి రాసుకోవడానికి సిద్ధమైంది. అది చూసి నాకు నవ్వొచ్చింది. ఎందుకు నవ్వానో వాళ్ళకు తెలియలేదు గానీ ఇద్దరూ తల ఊపారు. ఆ నవ్వు వెనక సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. శిక్షణ ఎలా ఇవ్వాలో చెప్పే పుస్తకాలు చాలానే ఉన్నాయి. ఇది శిక్షకుడికి ఎలా శిక్షణ దొరికిందో చెప్పే ముచ్చట.

ప్రార్థన, చార్టు, వందన సమర్పణ

మా శిక్షణల్లో మేడంలకు మూడు పనులు ఉండేవి. పొద్దున ప్రార్థన పాడటం, మధ్యలో చార్టు రాయడం, సాయంత్రం వందన సమర్పణ చేయడం. ఈ మూడింటి నడుమ ఉన్న ఆరేడు గంటలూ సార్లవి.

ఇది ఎక్కడా రాసి లేదు. ఎవరూ ఆదేశాలు ఇవ్వలేదు. పొద్దున తొమ్మిదిన్నరకు హాలులో అడుగు పెట్టగానే "మేడం, ప్రార్థన" అనడం నాకు అలవాటు. గుంపులో ఉన్న ఎవరో ఒక మేడం కొంగు సర్దుకుని వచ్చేది. ఆమెకు పాట వచ్చా రాదా అని నేను ఎన్నడూ అడగలేదు. ఆడమనిషి అన్నాక పాడదా అనుకునేవాణ్ణి. ఒకసారి భిక్నూర్ నుంచి వచ్చిన మేడం అందుకున్న శ్రుతికి మైకు కూడా కీచుమంది. ఆమె దిగి వస్తూ "నాకు రాదు సార్, మీరు అడగకపోతిరి" అంది. అందరం నవ్వాం. మర్నాడు మళ్ళీ "మేడం, ప్రార్థన" అన్నాను.

గ్రూపు పని మొదలైతే ఇంకో ముచ్చట. ఒక్కో గ్రూపుకు ఎనిమిది మంది, ఒక చార్టు, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు. పెన్నులు బల్ల మీద పెట్టిన మరుక్షణం అవి ఎవరి చేతికీ తగలకుండా జారుకుంటూ వెళ్ళి మేడంల ముందు ఆగేవి. సార్లు చర్చ చేసేవారు. చర్చ అంటే పీఆర్సీ, బదిలీలు, ఎవరి స్కూలు ఎంత దూరం. నాలుగు గంటలకు చార్టు తయారయ్యేది. అప్పుడు ఒక సారు లేచి, చొక్కా సర్దుకుని, మైకు ముందు నిలబడి, మేడం రాసింది చదివేవాడు. దాన్ని రిపోర్టింగ్ అనేవాళ్ళం.

మా కోర్సు డైరెక్టరు ఒకాయన ఉండేవారు. మంచి మనిషి, ముక్కుసూటి. ఆయన్ను అందరూ చాటుగా ఫార్మాట్ సారు అనేవారు. ఆయన దృష్టిలో ప్రపంచంలో ప్రతి కష్టానికీ ఒక ఫార్మాట్ ఉంటుంది; ఉంటే నింపాలి, లేకపోతే తయారు చేయాలి. మహిళా ఉపాధ్యాయుల భాగస్వామ్యం తక్కువగా ఉందని పైనుంచి కాగితం వచ్చినప్పుడు ఆయన బాగా ఆలోచించి కుర్చీలు 'యూ' ఆకారంలో వేయించారు. వరసలుంటేనే వెనకబాటు, యూ ఆకారంలో అందరూ సమానమే అన్నారు. మర్నాటికి యూలో ఒక చెయ్యి మేడంలు, ఇంకో చెయ్యి సార్లు. అడుగున వంపు దగ్గర ఆరు కుర్చీలు ఖాళీ. ఫార్మాట్ సారు వచ్చి చూసి, ఫోటో తీయించుకుని, తృప్తిగా వెళ్ళారు.

జెండర్ మీద ఒక రోజు శిక్షణ కూడా పెట్టాం. వేదిక మీద మేం నలుగురం మగవాళ్ళం. మాకిచ్చిన మాడ్యూల్ పుస్తకంలో కూర తరుగుతున్న నాన్న బొమ్మ ఉంది. దాని మీద నేను నలభై నిమిషాలు మాట్లాడాను, బాగానే మాట్లాడాననుకున్నాను. గ్రూపు పనిలో ఒక మేడం 'సమానత్వం' అనే మాటను ఎంతో అందంగా, కింద పువ్వుల తీగ వేసి రాసింది. ఒక సారు లేచి దాన్ని గట్టిగా చదివాడు. చప్పట్లు కొట్టాం. అప్పుడు కూడా నాకేమీ తట్టలేదు.

ముత్యాల్లాంటి అక్షరాలు

ఆ మాట రాసిన మేడం పేరు రాజమణి. ఎల్లారెడ్డి దగ్గర ఒక ఊళ్ళో ప్రాథమిక పాఠశాలలో పనిచేసేది. సన్నగా, తక్కువ మాట్లాడే మనిషి. ఆమె అక్షరాలు చూడాలి! ఒత్తులు, గుడులు, సున్నాలు అన్నీ దేని చోట అది. ఎల్లారెడ్డిలో ఎప్పుడు శిక్షణ పెట్టినా "రాజమణి మేడం అక్షరాలు ముత్యాలు" అని నేను మైకులో చెప్పేవాణ్ణి. అదే ఆమెకు ఇచ్చే గౌరవం అనుకున్నాను. ఆ ముత్యాల్లో ఏం రాసుందో చదివానా అంటే, లేదు.

ఒకసారి గణితం శిక్షణ. నిత్యజీవితం నుంచి ఒక భాగహారం లెక్క తయారు చేయమని గ్రూపులకు చెప్పాను. రాజమణి గ్రూపులో నర్సింలు సారు ఉన్నాడు. పిట్లం మనిషి, ఎల్లారెడ్డి మండలంలో ఉద్యోగం. గొంతు పెద్దది, మనసు అంతకంటే పెద్దది, చదవడానికి మాత్రం ఓపిక ఉండదు. మైకు కనబడితే ఆయనకు ఆగదు. అందుకని రిపోర్టింగ్ ఎప్పుడూ ఆయనదే.

ఆ రోజు ఆయన మైకు పట్టుకుని చార్టు చదివాడు: "వేయింటికి కట్టలెన్ని? జవాబు, నలభై." చదివి ఒక్క క్షణం ఆగాడు. ఆయనకే అనుమానం వచ్చింది. నా వైపు చూశాడు.

"కట్టకు ఎన్ని?" అని అడిగాను.

మా శిక్షణల్లో కట్ట అంటే పుల్లల కట్ట. పది పుల్లలకు రబ్బరు వేస్తే ఒక కట్ట, పది కట్టలైతే వంద. ప్రతి గణితం కిట్‌లోనూ ఉంటుంది. ఏ ఉపాధ్యాయుణ్ణి నిద్రలో లేపి అడిగినా కట్టకు పది అనే అంటాడు.

"పది సార్!" అన్నాడు నర్సింలు సారు ఠక్కున.

"మరి వేయింటికి నూరు కదా?"

"ఔ సార్, నూరే. మేడం జెర తొందరల రాసిండ్రు."

నేను లేచి ఎర్ర స్కెచ్ పెన్ను తీసుకుని నలభైని కొట్టేసి, పక్కన నూరు అని రాశాను. రాజమణి వైపు తిరిగి, "లెక్క తప్పితే తప్పింది గానీ, అక్షరాలు మాత్రం ముత్యాలు" అన్నాను. అందరూ నవ్వారు. మేడంల వైపు ఇద్దరు ముగ్గురు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రాజమణి మూత పెట్టి పెన్ను బల్ల మీద పెట్టింది.

ఆ చార్టును మా ఆఫీసుకు తెచ్చి, చార్టు ఎలా రాయాలో చూపించే నమూనాగా గోడకు అంటించాను. ఎర్ర గీతతో సహా.

విముఖత

ఆ ఏడాదే హైదరాబాదులో గణితం రాష్ట్ర శిక్షణ పెట్టారు. పది రోజులు, రెసిడెన్షియల్. అంటే అక్కడే ఉండాలి, అక్కడే తినాలి. అది పూర్తి చేసినవాళ్ళే జిల్లాలో గణితం ఆర్పీలు. ఎల్లారెడ్డి మండలం నుంచి వచ్చిన రెండు పేర్లలో ఒకటి రాజమణిది. ఎవరు పంపారో గానీ సరైన మనిషినే పంపారు.

ఫార్మాట్‌లో పేరుకు ఎదురుగా ఒక గడి ఉంది: సుముఖత, విముఖత. వస్తారా, రారా అన్నమాట. ఫార్మాట్ సారు నా బల్ల దగ్గరకు వచ్చి గడియారం చూపించారు. "లిస్టు ఇయ్యాలనే పోవాలె. లేడీస్ పది దినాలు ఎట్ల ఉంటరు? తర్వాత ఇబ్బంది అయితది. రాసెయ్యుండ్రి" అన్నారు.

ఆమెకు చిన్న పిల్లవాడున్నాడని నాకు తెలుసు. పాపం, ఏం ఇబ్బంది పెడతాం అనుకున్నాను. ఫోను నా జేబులోనే ఉంది. ఆమె నంబరు నా దగ్గరుంది. విముఖత అని రాసి, ఆమె స్థానంలో నర్సింలు సారు పేరు పెట్టాను. రాసేటప్పుడు నాకు మంచిపని చేస్తున్నాననే అనిపించింది. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, నా మీద నాకే.

సార్‌కు తెల్వదు

మూడు నాలుగు నెలల తర్వాత శిక్షణ తరగతి గదిలో ఎలా అమలవుతుందో చూడటానికి రాజమణి బడికి వెళ్ళాను. కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి బస్సు, అక్కడి నుంచి ఆటో. ఆటో దిగి బడికి నడుస్తుంటే దారి పొడవునా అరుగుల మీద ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేస్తున్నారు. ఆకు, తంబాకు, దారం. ముచ్చట్లు ముచ్చట్లే, చేతులు చేతులే. నేను పుట్టిన వాడకట్టులోనూ ఇదే దృశ్యం. కొత్తగా చూసేదేముంది అని ముందుకు నడిచాను.

గదిలో మూడో తరగతి పిల్లలు ఎక్కాలు చెబుతున్నారు. రెండో ఎక్కం కాదు, ఇరవై ఐదో ఎక్కం! "ఇరవై ఐదు ఒకట్ల ఇరవై ఐదు, ఇరవై ఐదు రెండ్ల యాభై" అని ఆగకుండా నలభై దాకా వెళ్ళి వేయి అని అరిచారు. పుస్తకంలో లేని ఎక్కం, పుస్తకంలో లేని దూరం.

"ఇది ఎవరు నేర్పారమ్మా?" అని ముందు బెంచీలో పిల్లను అడిగాను.

"కట్టల లెక్క సార్" అంది.

"ఏం కట్టలు? కట్టకు ఎన్ని?"

ఆ పిల్ల నన్ను పైనుంచి కిందికి చూసింది. పక్కనున్న పిల్లవైపు తిరిగి, చెయ్యి అడ్డం పెట్టుకుని, గది మొత్తానికి వినబడేలా "సార్‌కు కట్టకు ఎన్నో తెల్వదంట!" అంది. గది ఘొల్లుమంది. చివరి బెంచీలో ఒకడు నా మీద జాలిపడి, "బీడీల కట్ట సార్. ఇరవై ఐదు. వేయి బీడీలకు నలభై కట్టలు" అని చెప్పాడు.

నాకు మా ఆఫీసు గోడ కనబడింది. ఎర్ర గీత కనబడింది. బీడీలు చేసే వాడకట్టులో పుట్టి, బీడీ కట్టకు ఎన్నో మరిచిపోయి, అది మరవని మనిషి లెక్కను తప్పని కొట్టేశాను. అదీ ముత్యాలంటూ.

మధ్యాహ్నం పిల్లలు భోజనాలకు కూర్చున్నాక వరండాలో రాజమణితో అన్నాను: "అమ్మా, ఆ చార్టు మీద బీడీలని ఒక్క మాట రాసుంటే నేను ఆ గీత కొట్టేవాణ్ణి కాదు కదా."

ఆమె నవ్వింది. "ముందుగాల రాసిన సార్. నర్సింలు సార్ చాయ తాగి వచ్చి సూసి, బడి చార్టు మీద బీడీ అని రాస్తరా మేడం, సార్ కోపం జేస్తడు, తీసెయ్యుండ్రి అన్నడు. తీసేసిన. ఇగ కట్ట మిగిలింది."

"నేను తప్పంటున్నప్పుడైనా లేచి చెప్పవచ్చు కదా?"

"ఎట్ల సార్? మైక్ నర్సింలు సార్ తాన, ఎర్ర పెన్ను మీ తాన. నా తాన ఏమున్నది?"

ఆమె పిల్లల వైపు చూస్తూ, మళ్ళీ మెల్లగా అంది: "అది పోనీ సార్. ఇంకొకటి అడుగుత, కోపం జెయ్యొద్దు. పది దినాల శిక్షణకు నేను ఒద్దన్ననంట గద? ఎప్పుడన్న సార్?"

నేను నేల చూశాను.

"మా అత్తమ్మను నెల దినాలు సతాయించి ఒప్పిచ్చిన. పిలగాన్ని నేను సూసుకుంట, పో అన్నది. మా ఆయిన సుత సరే అన్నడు. సంచి సర్దుకున్న సార్. ఆర్డర్ వస్తదని రోజూ ఫోన్ సూసుకుంట కూసున్న. ఆఖరికి నర్సింలు సార్ పేరు వచ్చింది. ఆఫీసుల అడిగితే, మీరే విముఖత ఇచ్చిండ్రంట గద మేడం అన్నరు. మా అత్తమ్మ ఇప్పటికీ అంటది, నన్ను ఒప్పిచ్చి ఒప్పిచ్చి నువ్వే ఒద్దంటివా అని. ఆమెకు ఏం చెప్పాలె సార్?"

నేను చెప్పాను. ఫార్మాట్ సారు గడియారం చూపించడం, నేను రాయడం, అంతా చెప్పాను. ఆమె గొంతు పెంచలేదు. "ఒక్క మాట అడిగితే అయిపోతుండె గద సార్" అంది. అంతే. నేను సిగ్గుతో కుంగిపోయాను. తిరుగు బస్సులో లింగంపేట దాకా కిటికీలోంచి ఏం చూశానో నాకు గుర్తు లేదు.

కామారెడ్డి వచ్చి ఫార్మాట్ సారుతో మాట్లాడాను. ఆయన అద్దాలు తీసి తుడుచుకుని, "శిక్షణ అయిపాయె. ఇచ్చిన విముఖతను మార్చేటందుకు గడి లేదు గదా" అన్నారు. ఆ రోజు నేను ఒక తెల్లకాగితం మీద 'ఆమెను అడగకుండా రాశాను, తప్పు నాది' అని రెండు వాక్యాలు రాసి ఫైల్లో పెట్టి ఉండవచ్చు. దానికి ఏ ఫార్మాటూ అక్కరలేదు. పెట్టలేదు. నిక్కచ్చి మనిషినని నాకున్న పేరు పోతుందని భయపడ్డాను. కొత్తగా వచ్చేవాళ్ళు నా తప్పుల్లో దేన్నయినా క్షమించండి గానీ దీన్ని క్షమించకండి.

పెన్నులు అటు జరిపితే

కాగితం రాసే ధైర్యం లేకపోయినా శిక్షణ తీరు మార్చే ఓపిక ఉంది నాకు. మొదట ఒకే ఒక నియమం పెట్టాను. ఎవరు రాస్తే వాళ్ళే మైకు ముందు చదవాలి. పెన్నులు బల్ల మీద పెట్టగానే సార్లంతా వాటిమీద పడ్డారు! ఎందుకంటే మైకు కావాలంటే పెన్ను కావాలి. ఆ రోజు చార్టులు ఆఫీసుకు తెచ్చి చూస్తే కొన్నింటి మీద కోళ్ళు తిరిగినట్టుంది. ఫరవాలేదు. మేడంల చేతులు ఖాళీ అయ్యాక గ్రూపుల్లో చర్చ మొదటిసారి బదిలీలు దాటి భాగహారం దాకా వచ్చింది.

ప్రార్థన సార్లకు అప్పగించాను. మొదటి రోజు నర్సింలు సారు. పాట మధ్యలో మరిచిపోయి మొదటి చరణం మూడుసార్లు పాడాడు. మేడంలు కళ్ళు మూసుకుని, పెదవులు బిగబట్టి, ఎంత భక్తిగా నిలబడ్డారో! చార్టు సంగతి ఆయనకు చెప్పినప్పుడు మాత్రం ఆయన ముఖం చిన్నబోయింది. "మా అవ్వ సుత బీడీలే జేస్తుండె సార్. మైక్ పట్టంగనే మా అవ్వనే మరిచిన" అన్నాడు. వెళ్ళి రాజమణికి క్షమాపణ చెప్పుకున్నాడు. ఈ విషయంలో ఆయన నాకంటే మేలు.

మేడంలు నాలుగున్నరకే వెళ్ళిపోతారని వాళ్ళ మీద మాకో ఫిర్యాదు ఉండేది. ఒక వారం తలుపు దగ్గర కూర్చుని చూశాను. నిజమే, నాలుగున్నరకు సంతకం పెట్టి వెళ్ళేవారు, ఊరికి చివరి బస్సు అదే కాబట్టి. సార్లు మాత్రం ఐదింటికి కచ్చితంగా సంతకం పెట్టేవారు. రిపోర్టింగ్ చేసే ఒకరిద్దరు తప్ప మిగతావాళ్ళు మూడింటి నుంచి ఐదింటి దాకా చాయ హోటల్లో ఉండి, సంతకానికి వచ్చేవారు. శిక్షణ గంట ముందు మొదలుపెట్టి నాలుగింటికి ముగించాం. బాత్రూముకు గడియ లేని బడిలో శిక్షణ పెట్టనన్నాను. ఫార్మాట్ సారు దాని కోసం ఒక కొత్త గడి కూడా చేర్చారు: 'గడియ ఉన్నదా, లేదా.' ఆయన చేసిన ఫార్మాట్లన్నింటిలో నాకు నచ్చింది అదే.

రెసిడెన్షియల్ మంచిదా, రోజూ వచ్చిపోయేది మంచిదా, ఆన్‌లైన్ మంచిదా అని ఇప్పుడు వాదిస్తుంటారు. ఉండి నేర్చుకుంటే గట్టిగా నేర్చుకుంటాం, నిజమే. కానీ ఉండగలిగేలా ముందు ఏర్పాటు చేయాలి. వచ్చిపోతే ఇల్లు గడుస్తుంది, చదువు కొంత పలచబడుతుంది. ఆన్‌లైన్ అయితే మేడం కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతూ వింటుంది, సారు కెమెరా ఆపేసి వింటాడు, వింటే. మ్యూట్ అనే బొత్తాం కరోనా కాలంలో వచ్చిందనుకుంటారు గానీ, మేడంల విషయంలో మేం దాన్ని ఎప్పుడో కనిపెట్టాం. ఏ పద్ధతి ఎంచుకున్నా, ఎవరి కోసమో వాళ్ళనే అడగండి. ఫోను చేసి, ఆమె గొంతుతో ఆమె జవాబు వినండి. ఆమె రానంటే రానన్నట్టు రాయండి. అడగకుండా జాలిపడకండి.

రాజమణి మండలంలో ఆర్పీ అయింది, తర్వాత కామారెడ్డిలో వచ్చిపోయే పద్ధతిలో శిక్షణ తీసుకుని జిల్లా ఆర్పీ కూడా అయింది. ఆమె కట్టల లెక్క నస్రుల్లాబాద్ దాకా పోయింది. కానీ హైదరాబాదులో గణితానికి పది రోజుల శిక్షణ మళ్ళీ పెట్టలేదు. నేను కొట్టేసిన అవకాశం మాత్రం ఆమెకు తిరిగి రాలేదు.

వందన సమర్పణ

నేను రిటైరయ్యే నెలలో కామారెడ్డిలో జిల్లా శిక్షణ జరిగింది. ఆర్పీ రాజమణి. నేను వెనక కుర్చీలో పరిశీలకుణ్ణి. ఆఫీసు బీరువా ఖాళీ చేస్తుంటే పాత చార్టు దొరికింది. మడతల దగ్గర చిరిగింది, ఎర్ర గీత మాత్రం నిన్న కొట్టినట్టుంది. పొద్దున తెచ్చి ఆమెకు ఇచ్చాను. "గిది ఇంక ఉన్నదా సార్!" అని నవ్వి తీసుకుంది.

మధ్యాహ్నం ఆ చార్టును బోర్డుకు అంటించింది. "వేయింటికి కట్టలెన్ని అని ఒక మేడం నలభై అని రాసింది. ఇంకొకరు దాన్ని కొట్టేసి నూరు అని రాసిండ్రు. తప్పు ఎవరిది?" అని అడిగింది.

"మేడందే" అన్నారు చాలామంది. నూరే కదా, కట్టకు పదే కదా అని గుసగుసలు.

మూడో వరసలో ఒక కొత్త టీచరు లేచింది. పాతికేళ్ళు కూడా ఉండవు. "తప్పు లేదు మేడం. బీడీల కట్టయితే ఇరవై ఐదే. మా అమ్మ జేస్తది" అంది గట్టిగా, మైకు లేకుండానే. మొన్న మా ఇంటికి నోట్‌బుక్ పట్టుకుని వచ్చిన అమ్మాయి ఈమే. అంత గొంతున్న పిల్ల నా ముందు రాసుకోవడానికి కూర్చుంటే నవ్వు రాక ఏమవుతుంది?

నేను లేచి నిలబడ్డాను. "ఎర్ర గీత నాది" అన్నాను. హాలంతా వెనక్కి తిరిగింది. రాజమణి ఏమాత్రం తడబడకుండా, "కూసోండ్రి సార్. ఇయ్యాల వందన సమర్పణ మీదే. అయిదు నిమిషాలే, ఎక్కువ మాట్లాడొద్దు" అంది. అందరికంటే గట్టిగా నర్సింలు సారు నవ్వాడు.

నాలుగింటికి నన్ను పిలిచారు. అన్నేళ్ళు మేడంలతో చేయించిన పని చేయడానికి మైకు ముందు నిలబడ్డాను. అందరికీ ధన్యవాదాలు చెప్పి, జేబులోంచి కాగితం తీశాను. ఎప్పుడో రాయాల్సిన ఆ రెండు వాక్యాలు ఆ మధ్యాహ్నమే రాశాను. చదివాను: "గణితం రాష్ట్ర శిక్షణకు రాజమణి మేడం విముఖత ఇచ్చారని ఫైల్లో ఉంది. ఆమె ఇవ్వలేదు; అడగకుండా నేను రాశాను." ఈ కాగితం ఫైల్లో పెడుతున్నానని చెప్పాను.

అంతటితో దిగిపోవాలి. కానీ అడగాల్సిన మాట ఇంకా అడగలేదు. ఇప్పుడు అడిగి లాభం లేదని తెలుసు. అయినా మైకులోనే అడిగాను: "రాజమణి మేడం, హైదరాబాదులో పది రోజుల శిక్షణ ఉంది. పోతారా?"

ఆమె కళ్ళు మెరిశాయి, నవ్వుకో, దేనికో.

"సంచి సర్దుకొనే ఉన్న సార్" అంది. "ఎప్పుడు పోవాలె?"

హాలంతా నవ్వింది. నాకు మాత్రం మైకు ఎక్కడ పెట్టాలో కనబడలేదు.